ఆమె పాట, మీ పియానో, పోస్టర్ మీద అక్షరాలు

ప్రశ్న: నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పియానిస్ట్‌ని. సంగీతం చదువుకునే రోజుల్లో పరిచయమైన ఒక సప్రానో (పై స్థాయిలో పాడే గాయని)తో కలిసి ఆరేళ్లుగా వెస్టర్న్ క్లాసికల్ రిసైటల్స్ ఇస్తున్నాను. తను నాకు ప్రాణ స్నేహితురాలు కూడా. పోయిన ఏడాది తను ఒక పాటల పోటీలో గెలిచింది. అప్పట్నుంచి తనకో ఏజెంట్ కుదిరాడు, ఆపెరాల్లో (పాటలతో నడిచే నాటకాల్లో) చిన్న పాత్రలు వస్తున్నాయి. మొన్నటి రిసైటల్ పోస్టర్ మీద తన పేరు అరచేయంత అక్షరాల్లో ఉంది. నా పేరు హాలు చిరునామా కన్నా చిన్నగా ఉంది. వచ్చిన డబ్బులో తనకు డెబ్బై శాతం, నాకు ముప్ఫై. అది చదువుకునేటప్పుడు తన టీచర్ చెప్పిన లెక్క, ఆ తర్వాత ఎవరూ కదపలేదు. తన ఆడిషన్లకు, కొత్త పాత్రలు నేర్చుకోవడానికి కూడా నేనే వాయిస్తాను, దానికి డబ్బు తీసుకోను. ఒక ఆపెరా హౌస్‌లో రెపెటిటర్ ఉద్యోగానికి, అంటే రిహార్సళ్లలో గాయకులకు పియానో వాయించే పనికి, నాకు రెండుసార్లు పిలుపు వచ్చింది. రెండుసార్లూ మా రిసైటల్ తేదీలకు అడ్డమని వెళ్లలేదు. ఆ సంగతి తనకు చెప్పలేదు. ఇప్పుడు మూడోసారి ప్రకటన వచ్చింది, ఆడిషన్‌కు ఆరు వారాల టైముంది. ఇంట్లోవాళ్లేమో ‘ఎన్నాళ్లిలా ఒకరి పక్కన వాయిస్తావు, సోలోగా ప్రయత్నించు’ అంటున్నారు. నాకు సోలో మీద అంత మక్కువ లేదు. కానీ ఇలాగే పక్కన ఉండిపోతానేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దనుకున్న పియానిస్ట్

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోస్టర్ గురించి, వాటా గురించి, ఇంట్లోవాళ్ల మాటల గురించి వివరంగానే రాశారు. అసలు విషయం మాత్రం నాలుగు మాటల్లో చెప్పి దాటేశారు. ‘ఆ సంగతి తనకు చెప్పలేదు.’ నేను అక్కడే ఆగిపోయాను. పోస్టర్ దగ్గరికి మళ్లీ వస్తాను, అదేదో చిన్న విషయమని కొట్టిపారేసే రకం కాదు నేను. ముందు ఈ నాలుగు మాటల సంగతి చూద్దాం.

మీ వయసులో నేనూ ఒక బారిటోన్ (మధ్యస్థాయి మగ గొంతు) గాయకుడితో ఆరేడేళ్లు వాయించాను. మంచి గొంతు, మంచి మనిషి. అతని తేదీల కోసం వేరే గాయకుల పని వదులుకున్నాను, ఒక వేసవి శిక్షణ శిబిరం వదులుకున్నాను. ఏదీ అతనికి చెప్పలేదు. చెప్పకుండా చేస్తేనే అది స్నేహమని నా నమ్మకం. ఒకరోజు అతని ఏజెన్సీ వాళ్లు ఒక టూర్ కుదిర్చి, తమ జాబితాలోనే ఉన్న పేరున్న పియానిస్ట్‌ను పెట్టారు. అతను ఫోన్ చేసి ఎంతో మర్యాదగా, ‘నువ్వెలాగూ బిజీగా ఉంటావుగా’ అన్నాడు. నేను ఆ ఏడాదంతా ఖాళీ! అతని కోసమే ఖాళీగా ఉంచుకున్నాను మరి. చాలాకాలం అతని మీద కోపంగా ఉండేది. తర్వాత్తర్వాత అర్థమైంది, నేను చేసిన త్యాగాల్లో అతను అడిగింది ఒక్కటీ లేదని. ఉన్నాయని కూడా అతనికి తెలియదు. తెలియని అప్పు ఎవరు తీరుస్తారు చెప్పండి?

మీ స్నేహితురాలు కూడా ఇప్పుడు అలాగే మీకు అప్పు పడి ఉంది, ఆ విషయం ఆమెకు తెలియకుండానే. మీరు మాత్రం వడ్డీ లెక్క వేసుకుంటూ రాత్రుళ్లు మేలుకుంటున్నారు.

రెండో మాట. మీరిద్దరూ ఒకే బండిలో వెళ్తున్నారని, ఆమె ముందు సీట్లో, మీరు వెనక సీట్లో ఉన్నారని మీ ఊహ. అది నిజం కాదు. స్టేజీ ఒకటే అయినా గాయని వృత్తి వేరు, గాయనితో వాయించే పియానిస్ట్ వృత్తి వేరు. ఎదిగే తీరు వేరు, అలిసిపోయే వయసు వేరు, డబ్బు వచ్చే దారి కూడా వేరే. ఆమె పరుగుతో మీ పరుగును కొలుచుకుంటే ఎప్పుడూ మీరు ఓడిపోయినట్టే కనిపిస్తుంది.

ఆమె వైపు నుంచి చూడండి. గాయని వాయిద్యం ఆమె ఒంట్లోనే ఉంటుంది. జలుబు చేస్తే వాయిద్యం పాడైనట్టే. చాలా ఫ్రీలాన్స్ ఆపెరా కాంట్రాక్టుల్లో డబ్బు ప్రదర్శనకు ఇంత అని ఉంటుంది. ఆరు వారాలు రిహార్సల్ చేసి, ప్రదర్శన రోజున గొంతు పోతే ఆ రోజు డబ్బులు పోయినట్టే. అందుకే గాయనీ గాయకులు పక్క సీట్లో ఎవరైనా దగ్గితే ఉలిక్కిపడతారు. మనం నవ్వుకుంటాం గానీ అది వాళ్ల జీతం భయం. గొంతు కూడా ఒక్కరోజులో తయారయ్యేది కాదు. తేలిక గొంతున్న సప్రానోకు ఇరవైల్లోనే పాత్రలు దొరుకుతాయి, బరువైన గొంతుకు ముప్ఫైలు దాటితే గానీ అసలు పాత్రలు రావు. తొందరపడి పెద్ద పాత్ర ఒప్పుకుంటే గొంతు దెబ్బతింటుంది. ఒప్పుకోకపోతే ఏజెంట్‌కు చిరాకు. ఇంతలో చాలా పోటీలకు ముప్ఫై, ముప్ఫై రెండు అని వయసు హద్దు. అంటే ఇప్పుడు ఆమె ఉన్నది ఇరుకైన సందులో. ఈ నాలుగైదేళ్లలో కనిపించకపోతే తర్వాత కనిపించడం కష్టం. ఆ పోస్టర్ మీద అరచేయంత అక్షరాల వెనక ఇంత టెన్షన్ ఉంది. అది మీకు ఊరట కాదని తెలుసు. ఆమె హాయిగా ఉందన్న అపోహ మాత్రం వద్దు.

మన పని అలా కాదు. ఇరవై ఎనిమిదేళ్ల పియానిస్ట్ ఈ పనిలో ఇంకా పసిబిడ్డ కిందే లెక్క. భాషలు రావాలి, పాటల పరిచయం వందల్లో ఉండాలి, ఎదుటి మనిషి ఊపిరి చదవడం రావాలి. ఇవన్నీ వయసుతో పెరిగేవే. గాయకులకు వాయించడమే వృత్తిగా బతికిన పియానిస్ట్ జెరాల్డ్ మూర్ 1899లో పుట్టాడు. 1967లో లండన్‌లో వీడ్కోలు కచేరీ ఇచ్చేనాటికి అరవై ఏడేళ్లు. ఆ రాత్రి ఆయనతో పాడటానికి వచ్చిందెవరో తెలుసా? ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్, విక్టోరియా దె లాస్ ఏంజెలెస్, డీట్రిష్ ఫిషర్-డీస్కావ్. ముగ్గురు మహా గాయకులు ఒక పియానిస్ట్ కోసం ఒకే స్టేజీ ఎక్కారు. అందరూ పాడటం అయ్యాక ఆయన ఒక్కడే కూర్చుని స్వరకర్త షూబర్ట్ పాట ‘ఆన్ డీ మూజీక్’ను గొంతు లేకుండా పియానో మీద వాయించి సెలవు తీసుకున్నాడు. స్టేజీ మానేశాక కూడా ఫిషర్-డీస్కావ్‌తో షూబర్ట్ పాటలు వందలకొద్దీ రికార్డు చేశాడు. ఇంతటి మనిషి తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు, ‘నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా?’ అని. అందులో వినయం ఎంత, ఎత్తిపొడుపు ఎంత అన్నది మన వృత్తిలో వాళ్లకే అర్థమవుతుంది.

మన భాషలో పక్కవాద్యం అంటాం. మాటలోనే ‘పక్క’ ఉంది, అందుకే గుచ్చుకుంటుంది. ఇంగ్లీషువాళ్లకూ ఇదే బాధ. ‘అకంపనిస్ట్’ అన్న మాట చిన్నచూపుగా ఉందని అమెరికాలో ‘కొలాబరేటివ్ పియానిస్ట్’ (కలిసి వాయించే పియానిస్ట్) అనడం మొదలైంది. ఆ మాటకు ఆద్యుడిగా శామ్యూల్ శాండర్స్ అనే పియానిస్ట్‌ను చెబుతారు. అంతకు చాలా ముందే, 1947లో, గ్వెండొలిన్ కొల్డోఫ్‌స్కీ అనే పియానిస్ట్ సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఈ పనికే ఒక డిగ్రీ కోర్సు పెట్టింది. పేరు మారినంత మాత్రాన చెక్కు మీద అంకె మారలేదనుకోండి. అయినా ‘సోలో చేతకాక ఇటొచ్చారు’ అనేవాళ్లకు ఇది విడిగా నేర్చుకోవాల్సిన విద్య అని చెప్పడానికి పనికొస్తుంది. మీ ఇంట్లోవాళ్లకూ అదే చెప్పండి. మీకు సోలో మీద మక్కువ లేదని మీరే రాశారు. ఎవరి కోసమో తెచ్చిపెట్టుకున్న మక్కువతో రోజుకు ఆరు గంటలు సాధన చేయలేరు.

ఇప్పుడు పోస్టర్. 1939 ఏప్రిల్ 9న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం మెట్ల మీద మేరియన్ ఆండర్సన్ పాడింది. నల్లజాతి గాయని అని అక్కడి పెద్ద హాలు ఇవ్వకపోతే ఆరుబయట పాడింది. విన్నవాళ్లు డెబ్బై ఐదు వేల మంది. ఆ ఫొటో లోకమంతా చూసింది. ఆ చలిలో పియానో వాయించింది ఎవరని అడిగితే పది మందిలో తొమ్మిది మంది నోరు వెళ్లబెడతారు. కోస్తి వెహానెన్, ఫిన్లాండ్ మనిషి. ఆ రోజు జనం వచ్చింది ఆమె కోసం, వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిందీ ఆమెనే. అందులో నాకు అన్యాయమేమీ కనిపించదు. ఇలాంటి సభల్లో పేరు చిన్నగా ఉంటే ఉండనివ్వండి.

పాటల రిసైటల్ అలాంటిది కాదు. ఇక్కడ నేను మొండిగా వాదిస్తాను. స్వరకర్త షూమన్ 1840లో రాసిన ‘డిష్టర్‌లీబ’ అనే పాటల మాల తీసుకోండి. పదహారు పాటలు. ఆఖరి పాటలో గాయని పాడాల్సింది అయిపోతుంది. ఆ తర్వాత పియానో ఒంటరిగా, నెమ్మదిగా, పన్నెండో పాటలో వినిపించిన సంగీతాన్ని మళ్లీ తీసుకొచ్చి మొత్తం కథను ముగిస్తుంది. అంతసేపూ గాయని చేతులు కిందకు వదిలి, కదలకుండా నిలబడి వినాలి. ఆ క్షణంలో కచేరీ ఎవరిది? రాసినవాడే పియానో చేత ముగింపు చెప్పిస్తే పోస్టర్ వేసేవాడు దాన్ని చిరునామా కింద తోసేస్తే ఎలా? షూబర్ట్ కూడా అంతే. తనకన్నా దాదాపు ముప్ఫై ఏళ్లు పెద్దవాడైన ఫోగ్ల్ అనే ఆపెరా గాయకుడు పాడుతుంటే తను వాయించేవాడు. ఆ కాసేపు ఇద్దరం ఒక్కరమైనట్టు ఉంటుందని, వినేవాళ్లకు ఇది కొత్తగా తోస్తోందని 1825లో తన అన్నకు ఉత్తరం రాశాడు. ఈ కళ పుట్టుకలోనే ఇద్దరున్నారు.

అందుకని పాటల రిసైటల్ అయితే ఇద్దరి పేర్లూ ఒకే సైజులో, ఒకే లైన్లో ఉండాలి. ఆమె పేరు ముందు ఉండొచ్చు. దీన్ని హాలువాళ్లతో గొడవ పడి సాధించక్కర్లేదు. తేదీ ఖాయమైన రోజునే ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకుంటే సరిపోతుంది. పోస్టర్ అచ్చయ్యాక బాధపడి లాభం లేదు. డిజైన్ చేసే కుర్రాడికి ఎవరూ చెప్పకపోతే ఏజెంట్ పంపిన ఫైల్లో ఏముంటే అదే పెడతాడు. ఏజెంట్ ఆమె ఏజెంట్, మీ ఏజెంట్ కాదు. నూటికి తొంభై సార్లు పోస్టర్ వెనక కుట్ర ఏమీ ఉండదు, మీ తరఫున చెప్పే నాథుడు లేకపోవడమే ఉంటుంది.

పోటీ గురించి కూడా ఒక మాట. ఆమె గెలిచింది, మీకేం రాలేదు. కొన్ని పోటీలు గాయకులకే. కానీ లండన్‌లో విగ్‌మోర్ హాల్ నడిపిన పాటల పోటీలో పియానిస్ట్‌కు విడిగా బహుమతి ఉండేది. ష్టుట్‌గార్ట్‌లో హూగో వోల్ఫ్ అకాడమీ పోటీ అయితే జంటనే ఒక్క అభ్యర్థిగా చూస్తుంది. ఈసారి దరఖాస్తు చేసేముందు నిబంధనలు మీరూ చదవండి, ఆమె ఒక్కతే చదివి చెబితే వినడం కాకుండా.

డబ్బు దగ్గరికొద్దాం. మీరు మూడు వేర్వేరు పనుల్ని ఒకే సంచిలో వేసి ‘తనతో వాయించడం’ అంటున్నారు. ఇద్దరూ కలిసి ఇచ్చే రిసైటల్ ఒకటి. అందులో సగం సగమే న్యాయం. ఆమె మాటలన్నీ కంఠస్థం చేస్తుంది, మీరు ఆమె కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ స్వరాలు నేర్చుకుంటారు, రిహార్సల్ గంటలు ఇద్దరివీ సమానం. ‘ఎర్ల్‌కోనిగ్’ అనే పాట ఒక్కటి చాలు. షూబర్ట్ పద్దెనిమిదేళ్ల వయసులో రాశాడు. కథలో తండ్రీ పిల్లవాడూ వెళ్లే గుర్రం పరుగు వినిపించడానికి కుడిచేయి ఆక్టేవ్‌లను (ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో కలిపి) బీటుకు మూడు చొప్పున, నాలుగు నిమిషాలపాటు ఆగకుండా కొట్టుకుంటూనే ఉండాలి. మోచేతి కింద కండరం రాయిలా బిగుస్తుంది. షూబర్టే దీనికి బీటుకు రెండు చొప్పున కాస్త తేలిక రూపం కూడా రాశాడంటే చూసుకోండి. ఆమె ఆ నాలుగు నిమిషాల్లో కథకుడు, తండ్రి, పిల్లవాడు, పిశాచం, నాలుగు గొంతులూ పలకాలి. అదీ తేలిక కాదు. డెబ్బై – ముప్ఫై ఏ లెక్కన వస్తుందో ఆ టీచర్‌కే తెలియాలి. ఏజెంట్ కమిషన్ ఎవరి వాటాలోంచి పోవాలో కూడా మాట్లాడుకోండి. ఆమె ఏజెంట్ కుదిర్చిన కచేరీ అయితే మీరూ మీ వాటా మేరకు భరించడం సబబే. మీ పరిచయం మీద వచ్చిన కచేరీకి అతనికి కమిషన్ ఎందుకు?

ఆమె ఆడిషన్లకు వాయించడం రెండో పని. అది ఆమె కెరీర్‌కు మీరు చేసే పని, జంట పని కాదు. గంటకింత అని ఉండాలి, స్నేహితురాలు కాబట్టి తగ్గించుకోవచ్చు. ఆమెకు కొత్త పాత్ర నేర్పడం మూడోది. ఉచ్చారణ దిద్దడం, లయ నిలబెట్టడం, ఎదుటి పాత్ర గొంతులు మీరు పాడి అందించడం. దీన్ని బయట కోచింగ్ అంటారు, కోచ్‌లు దీంతోనే బతుకుతారు. మీరు ఆరేళ్లుగా ఒక కోచ్ పని ఉచితంగా చేస్తున్నారు. ఎన్ని గంటలో ఒక నెల రాసి చూడండి. ఆమెకు చూపించడానికి కాదు, ముందు మీరు నమ్మడానికి.

ఈ మూడో పని మీకు ఇష్టమేనని నాకు అనుమానం. మీ ఉత్తరంలో ఫిర్యాదు ధ్వని లేనిది ఆ వాక్యంలోనే. అదే నిజమైతే రెపెటిటర్ ఉద్యోగం మీకోసం పుట్టిందే. ఆపెరా హౌస్‌లో ఆర్కెస్ట్రా రంగంలోకి దిగేది రిహార్సళ్ల చివరి రోజుల్లోనే. అంతకుముందు వారాలన్నీ ఆర్కెస్ట్రా అంటే ఒక గదిలో ఒక పియానో. యాభై అరవై వాయిద్యాల స్వరాలను పది వేళ్లకు కుదించిన స్కోర్ (స్వరాలు రాసిన పుస్తకం) ముందుంటుంది. అన్నీ వాయించడం కుదరదు, వాయించబోతే అంతా బురద. ఏవి వదిలేయాలో తెలియడమే అక్కడ పనితనం. గాయకుడు కంగారుపడే చోట అతను పట్టుకోవాల్సిన వాయిద్యం ఏదో, దాని స్వరాలే వినిపించాలి. ఓబో అయితే ఓబోలా, హార్న్ అయితే హార్న్‌లా. ఒక కన్ను ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చేతి మీద ఉండాలి. ఎవరైనా రాకపోతే ఆ పాత్ర మీరే పాడాలి, గొంతు ఎలా ఉన్నా. నా గొంతుతో నేను ఎన్ని సప్రానో పాత్రలు ‘పాడానో’ చెబితే మీ స్నేహితురాలు మన ముఖం చూడదు.

అక్కడ చప్పట్లు ఉండవు. పోస్టర్ మీద పేరు అస్సలు ఉండదు, ప్రోగ్రాం పుస్తకం వెనక పేజీలో వెతుక్కోవాలి. కండక్టర్ కసురుతాడు, పొద్దున ఒక ఆపెరా, సాయంత్రం ఇంకొకటి, మధ్యలో గంట కోచింగ్. చేతులు జాగ్రత్తగా చూసుకోకపోతే నరాల నొప్పి పట్టుకుంటుంది. కానీ నెల తిరిగేసరికి జీతం వస్తుంది. రెండేళ్లలో పాతికమంది గాయకులకు మీ పేరు తెలుస్తుంది. అందులో నలుగురు రిసైటల్‌కు మిమ్మల్ని అడుగుతారు. పేరున్న కండక్టర్ జార్జ్ షోల్టీ బుడాపెస్ట్ ఆపెరాలో ఈ పనితోనే మొదలుపెట్టాడు. ఇంకో కండక్టర్ ఆంటోనియో పపానో అయితే చిన్నతనంలోనే తండ్రి పాఠాలు చెప్పే గదిలో శిష్యులకు వాయించాడు, తర్వాత రెపెటిటర్ అయ్యాడు, ఆ తర్వాత లండన్ రాయల్ ఆపెరాకు సంగీత దర్శకుడయ్యాడు. మీరు కండక్టర్ కావాలని నా ఉద్దేశం కాదు. పక్కన కూర్చునే పని అనుకున్న చోట ఇన్ని తలుపులున్నాయని చూపించడానికి చెప్పాను.

కాబట్టి ఆడిషన్‌కు వెళ్లండి. రిసైటల్ తేదీకి అడ్డొస్తే రిసైటల్ తేదీ మార్చండి, లేదా ఒక్క కచేరీకి వేరే పియానిస్ట్‌ను ఆమే చూసుకుంటుంది. ఆకాశం ఊడిపడదు.

జంట మాత్రం వదలొద్దు. గెర్హాహర్ అనే బారిటోన్, హూబర్ అనే పియానిస్ట్ చదువుకునే రోజుల నుంచి మూడు దశాబ్దాలు దాటి కలిసి చేస్తున్నారు. గెర్హాహర్ ఆపెరాల్లోనూ పాడతాడు, ఆర్కెస్ట్రాలతోనూ పాడతాడు. పాటలకు మాత్రం హూబర్ దగ్గరికే వస్తాడు. గాయకుల్లో పీటర్ పియర్స్‌కు బెంజమిన్ బ్రిటన్, బెర్నాక్‌కు పూలెంక్ దొరికారు. ఆ పియానిస్టులిద్దరూ పెద్ద స్వరకర్తలు, తమ గాయకుల గొంతును మనసులో పెట్టుకుని పాటలు రాశారు. ఆ లెక్క వేరు, మనం దాన్ని ఆశించలేం. ఈ జంటల్లో నాకు కనిపించేది ఒకటే. కలిసి చేసే పని కాక ఎవరికి వారికి వేరే పని నిండుగా ఉంది. ఇద్దరూ ఒకరి క్యాలెండర్ మీద ఒకరు బతకలేదు. ఏడాదికి రెండు ప్రోగ్రాములు చాలు మీకు, బాగా తయారు చేసినవి. ఒకటి ఆమె ఎంచుకున్న పాటలతో, ఒకటి మీరు ఎంచుకున్న పాటలతో. ఆరేళ్లలో ఎన్నిసార్లు పాటల జాబితా మీరు తయారు చేశారు? అది కూడా పోస్టర్ లాంటి విషయమే, కాకపోతే ఎవరికీ కనిపించదు.

ఆమెతో ఎలా మాట్లాడాలన్నది మిగిలింది. కచేరీ అయిన రాత్రి వద్దు. ఆడిషన్‌కు ముందు రోజు వద్దు. రిహార్సల్ మధ్యలో స్కోర్ మూసేసి అస్సలు వద్దు. విడిగా కలవండి. వాటా దగ్గర మొదలుపెడితే ఆమె వెంటనే తనను తాను సమర్థించుకోవడంలో పడుతుంది, ‘నేనెప్పుడైనా కాదన్నానా’ అంటుంది, అదీ నిజమే. ఆ చెప్పని సంగతి దగ్గరే మొదలుపెట్టండి. ‘రెండుసార్లు నాకు ఉద్యోగానికి పిలుపొచ్చింది, మన తేదీల కోసం వెళ్లలేదు, నీకు చెప్పలేదు, అది నా తప్పు. ఈసారి వెళ్తున్నాను.’ అంతే, అక్కడ ఆగండి. ఆమె ఏడవొచ్చు, కోప్పడొచ్చు, ‘పిచ్చిదానా, ముందే చెప్పొచ్చుగా’ అనొచ్చు. నాకు మూడోదే ఎక్కువ వినబడుతోంది. ఆ తర్వాత వారం పది రోజులాగి సగం సగం సంగతి, పేర్ల సైజు సంగతి, కోచింగ్ గంటల సంగతి ఒక కాగితం మీద పెట్టండి. ఆమె సగం సగానికి ఒప్పుకోకపోతే? అప్పుడు మీకు ఒక విషయం తెలిసినట్టే. అయినా ముందే ఒక ఉద్యోగం చేతిలో ఉంటే ఆ తెలియడం అంత నొప్పి పెట్టదు.

ఆడిషన్‌కు ఏం తయారు చేసుకోవాలో వాళ్లే జాబితా పంపిస్తారు. రాకముందే మొదలుపెట్టాలంటే మోత్సార్ట్ ‘ఫిగారో’ రెండో అంకం ముగింపు, స్ట్రాస్ ‘రోజెన్‌కవాలియర్’ మొదటి పేజీలు, బిజే ‘కార్మెన్’ రెండో అంకంలో ఐదుగురు కలిసి పాడే క్వింటెట్, వీటిని పట్టుకోండి. ఇలాంటి ఆడిషన్లలో తరచూ అడిగేవి ఇవి. క్వింటెట్ వేగంగా వెళ్తుంది, వాయిస్తూనే ఐదు గొంతుల్లో ఏది అడిగితే అది పాడుతూ ఉండాలి, ఎదురుగా కండక్టర్ ఉన్నట్టుండి వేగం మారుస్తాడు. ఒంటరిగా సాధన చేస్తే సగమే వస్తుంది. ఎదురుగా ఒక మనిషి ఉండాలి. అందులో ఫ్రాస్కీతా అనే పాత్ర సప్రానోది. ఈ ఆరు వారాల్లో వారానికి ఒక సాయంత్రం వచ్చి ఆ పాత్ర పాడమని, మిగతా నలుగురినీ మీరు పాడతారని మీ స్నేహితురాల్ని అడగండి. గంటకు ఎంత తీసుకుంటుందో కూడా అడగండి, నవ్వుతుంది.